మా ఇంట్లో చోటుంది

నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఆ వానాకాలం అదే చేతిరాతతో, నీలం ఇంకుతో, ఒక్క కొట్టివేత లేకుండా, ఒక పిల్లకి దొరకబోయే గదిని దొరక్కుండా చేశాను. ఆ పిల్ల పరాయిది కాదు. మా ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. అప్పటికి దానికి పద్దెనిమిది నిండి నాలుగు నెలలు.

ఇంట్లో దాన్ని సూది అనేవాళ్ళం. సన్నగా ఉంటుందని సగం, మాట చురుక్కుమంటుందని సగం. ఆ పేరు పెట్టింది నేనే. "నేను సూదినైతే నువ్వు కత్తెరవి వదినా. నీ జోలికొస్తే రెండు ముక్కలే," అనేది. మా అత్తామామలు ఏడాది తేడాలో పోయాక పదకొండేళ్ళ పిల్లగా నా దగ్గరికి వచ్చింది. నాకు పిల్లల్లేరు. దాని జుట్టు చిక్కు తీసింది నేను, మొదటిసారి మిషన్ తొక్కించింది నేను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత చేసిన మనిషి అంత పని ఎలా చేసిందని నన్ను నేను అడుక్కునేటప్పుడు ఇవన్నీ వరసగా గుర్తొస్తాయి, అందుకని.

మా ఆయన బస్సు డ్రైవరు. తెల్లారకముందే డ్యూటీకి పోతాడు, సాయంత్రానికి వస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ఆ ఏడు ఒక పెద్ద బడివాళ్ళు యూనిఫారాలన్నీ నాకే ఇచ్చారు, ఆరు వందల జతలు. సగం బడి తెరిచేనాటికి, మిగతా సగం ఆ తరువాత నెలన్నరకి అందించాలి. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అద్దెకి రెండు మిషన్లు తెచ్చాను, పనికి ఇద్దరిని పెట్టుకున్నాను. మిషన్లు పెట్టడానికి ఉన్నది ఒక్కటే గది, అది సూది పడుకునే గది. దాని మంచం విప్పి, పలకలు మేడ మెట్ల కింద నిలబెట్టాం. "రెండు నెలలేనే, హాల్లో పడుకో," అన్నాను. "సరే వదినా," అంది. పొద్దున కళ్ళద్దాల షాపులో పని నేర్చుకోవడానికి వెళ్ళేది, సాయంత్రం వచ్చి నాకు కాజాలు తీసిపెట్టేది. హాల్లో బట్టల మూటల మధ్య, వాళ్ళన్నయ్య డ్యూటీకి లేచి లైటు వేసేదాకా పడుకునేది. ఒక్కరోజు కూడా సణగలేదు.

ఒక సాయంత్రం చూద్దును కదా, నలభై రెండు చొక్కాలకి కాజాలు తప్పు వైపు ఉన్నాయి. మగపిల్లల చొక్కాకి కాజాలు ఎడమ ముక్క మీద తీయాలి, ఆడపిల్లలకి కుడి ముక్క మీద. కాజా కోశాక చేసేదేమీ లేదు, గుడ్డ తెగిపోయినట్టే. మర్నాడు పొద్దున ఆ చొక్కాలు బడికి చేరాలి.

"ఇవి మగపిల్లలవి. కళ్ళు ఎక్కడ పెట్టుకుని కోశావు?" అన్నాను.

"మూట మీద చీటీలో అమ్మాయిలవి అని ఉంది వదినా."

"చీటీ ఉంటే బుర్ర పక్కన పెట్టేస్తావా? పొడవు చూస్తే తెలియదూ? ఏడేళ్ళ నుంచి ఈ ఇంట్లో తింటూ ఈపాటి తెలియకపోతే ఎందుకు?"

సూది మిషన్ ఆపింది. "తిండి మాట ఎందుకు వదినా ఇప్పుడు? చీటీ రాసింది ఎవరో చూడు."

పనివాళ్ళిద్దరి ముందు ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకే ఎదురు చెప్తావా? ఈ సీజన్ అయ్యేదాకా నా కళ్ళపడకు. ఎక్కడికి పోతావో పో," అన్నాను.

మెడలో ఉన్న టేపు తీసి, చుట్ట చుట్టి మిషన్ మీద పెట్టింది. హాల్లోకి వెళ్ళి సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను తల ఎత్తలేదు. గుండీలు కుట్టే ఆమె, నాకంటే పదేళ్ళు పెద్దది, "పిలువు అక్కా, వాన పడేలా ఉంది," అంది. మర్యాదకి నన్ను అక్కా అనేది. "వస్తుందిలే, ఎక్కడికి పోతుంది," అన్నాను.

గది ఊడుస్తుంటే మిషన్ కింద ఆ చీటీ దొరికింది. అమ్మాయిలవి అని ఉంది. నా రాతే. ముద్దుగా, గుండ్రంగా. మగపిల్లల మూటకి నేనే తప్పు చీటీ గుచ్చాను.

అప్పుడు లేచి వీధిలోకి వెళ్ళి ఉంటే ఈ కథే లేదు. మూల మీద బస్‌స్టాపులో ఉండి ఉంటుంది. కానీ ఆ చీటీ నలిపి పారేశాను. తప్పు నాదని తెలిశాక ఆ పిల్ల ముఖం చూడటం ఇంకా కష్టమైంది. మా ఆయన రాగానే, "సూది ఏది?" అన్నాడు.

"షాపుకి దగ్గరని స్నేహితురాలి గదిలో ఉంటానంది. ఈ మిషన్ల గోలలో దానికి నిద్ర పట్టట్లేదట," అన్నాను. తడుముకోకుండా వచ్చింది అబద్ధం. ఆయన "సరే" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు సూది సంచీ ఉండే మూల ఖాళీగా కనిపించింది. తయారైన మూటలు అక్కడ పెట్టించాను. బాగా సరిపోయాయి. సిగ్గు విడిచి చెప్తున్నాను, హాలు కలిసొచ్చిందని ఆ పూట నాకు హాయిగా కూడా అనిపించింది.

మూడు వారాల తరువాత ఒక మధ్యాహ్నం, గొడుగు దులుపుకుంటూ ఒకావిడ మా గుమ్మం ముందు నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిందట. ఇల్లు లేని పడుచు పిల్లలకి గదులిచ్చి, వాళ్ళు ఒక దారిన పడేదాకా తోడుండే ఇల్లొకటి నడుపుతోందట. అక్కడి పిల్లలు పెద్దక్క అంటారని చెప్పింది. పద్దెనిమిదికి పైన, పాతికకి లోపు పిల్లలకి ఆరు గదులు, ఎవరి తాళం వాళ్ళది.

"మీ ఆడపడుచు అడిగింది. ఒక గది ఖాళీ ఉంది," అంది.

"అది స్నేహితురాలి దగ్గర ఉంది కదండీ."

"పన్నెండు రోజులు ఉందమ్మా. ఆ గది యజమాని ఊరుకోలేదు. అప్పటి నుంచి ఆసుపత్రి హాల్లో ఉంటోంది. రోగుల తాలూకు మనుషులు కూర్చునే కుర్చీలుంటాయే, అక్కడ. పాత స్నేహితుల్ని చూడ్డానికి నేను ఆసుపత్రికి వెళ్తుంటాను. తొమ్మిది రోజులు అదే పిల్ల, అదే కుర్చీ. ఎవరికి బాగాలేదమ్మా అని అడిగితే ఏ వార్డు పేరూ చెప్పలేకపోయింది."

మిషన్ల చప్పుడు ఆగిపోయింది. పనివాళ్ళిద్దరూ చొక్కాల మీదికి వంగి కూర్చున్నారు కానీ నాలుగు చెవులూ మా వైపే ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దక్క ఒక కాగితం ఇచ్చింది. "గదులు ఇచ్చేది నేనొక్కదాన్నే కాదు, కమిటీ ఉంది. ఇంటివాళ్ళ నుంచి ఒక ఉత్తరం అడుగుతారు. ఆ పిల్ల ఇంట్లో ఎందుకు లేదో, ఉండగలదో లేదో, ఉన్నది ఉన్నట్టు రాయండి. రేపు ఎవరిచేతనైనా పంపండి చాలు." వెళ్తూ వెళ్తూ గది చుట్టూ చూసింది.

ఆ సాయంత్రం మంచి కాగితం తీసుకుని, కింద గీతల కాగితం పెట్టుకుని రాశాను. "మా ఆడపడుచును ఏడేళ్ళుగా కన్నబిడ్డలా చూసుకుంటున్నాము. చిన్న మాట పట్టింపుతో తనంతట తాను వెళ్ళింది. మా ఇంట్లో ఆమెకు ఎప్పుడూ చోటుంది. మా తలుపులు ఆమె కోసం తెరిచే ఉంటాయి." చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఎంత మంచిదాన్నో అనిపించింది. కవరు అంటించి గుండీలామెకిచ్చి పంపాను.

అలా రాస్తే ఏమవుతుందో తెలియదా అంటే, పూర్తిగా తెలియదు. అసలు తెలియదంటే మాత్రం అబద్ధం. ముక్కూముఖం తెలియని నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఫలానా వదిన ఆడపిల్లని వీధిలోకి నెట్టిందని చదువుకుంటారనే ఆలోచనే నేను భరించలేకపోయాను. నా పరువు చూసుకున్నాను. అంతే.

ఆరు రోజులకి సూది వచ్చింది. సంచీతో వచ్చింది. వాన వెలిసిన పొద్దుట, మేం పనిలో కూర్చున్న వేళ. చిక్కి సగమైంది, కళ్ళ కింద నల్లగా ఉంది. చెప్పులు బయట విప్పి, గుమ్మంలో నిలబడింది.

"వదినా, నీ ఉత్తరం వాళ్ళు నాకు చదివి వినిపించారు," అంది. గొంతులో వెటకారం లేదు. ఉండి ఉంటే నేను కాస్త బతికిపోయేదాన్ని. "ఇంట్లో చోటున్నవాళ్ళకి ఆ గది ఇవ్వరట. ఇంకో అబ్బాయికి ఇచ్చారు. చోటుంది కదా, ఇంటికి వెళ్ళమన్నారు. వచ్చాను."

లోపలికి వచ్చి చూసింది. తను పడుకున్న గదిలో మూడు మిషన్లు, కత్తిరింపు బల్ల. హాల్లో గోడ సగం దాకా మూటలు. కాలు పెట్టడానికి సన్నటి దారి. అటూ ఇటూ చూసి, నిజంగా తెలుసుకోవడానికే అన్నట్టు అడిగింది.

"ఎక్కడ పడుకోను?"

"సర్దుదాంలే, ముందు కూర్చో. టీ తాగు," అన్నాను.

కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. ఒక మూట మీద కూర్చుంది. టీ తాగింది. అలవాటు కొద్దీ చేతికందిన చొక్కా తీసుకుని, గుండీలామె దగ్గర సూదీ దారం అడిగి, రెండు గుండీలు కుట్టింది. మధ్యలో దగ్గింది. నేను మూటలు అటు జరిపాను, ఇటు జరిపాను. నిజానికి ఎక్కడివక్కడే ఉన్నాయి. గంట అయ్యాక లేచి, కుట్టిన చొక్కా మడతపెట్టి ఇచ్చింది.

"పని చెడగొట్టుకోకు వదినా. సీజన్ అయ్యాక చూద్దాంలే," అంది.

"అన్నయ్య వచ్చేదాకా ఉండు."

"వద్దులే."

మూటలన్నీ వీధిలో పారేసి ఆ పిల్లని కూర్చోబెట్టాల్సింది. తెలుసు. అప్పుడూ తెలుసు. బడివాళ్ళ మనిషి మధ్యాహ్నానికి వస్తానన్నాడు. నేను గుమ్మం దాకా వెళ్ళి, "గొడుగు తీసుకెళ్ళు," అన్నాను. తీసుకెళ్ళింది.

తరువాత వారం గుండీలామె పనిలోకి వచ్చి కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ నాకేసి చూడకుండా చెప్పింది. "నిన్న మా మనవణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మన పిల్ల అక్కడే ఉంది. కూర్చునే నిద్రపోతోంది. ఒళ్ళు కాలిపోతోంది. పక్కన నీ గొడుగు ఉంది." ఆపి మళ్ళీ అంది. "నీకు కోపమొస్తే పని మాన్పించు. నేను ఇరవై ఇళ్ళలో పని చేశాను. నిన్ను మంచిదానివనే అనుకుంటున్నాను ఇంకా."

కోపం రాలేదు. మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి ఆసుపత్రికి వెళ్ళాను. ఆ కుర్చీల్లో ఇంకెవరెవరో ఉన్నారు, సూది లేదు. అక్కడి నుంచి దారి అడుక్కుంటూ పెద్దక్క ఇంటికి వెళ్ళాను.

రెండంతస్తుల మామూలు ఇల్లు. వంటింట్లో అలమరకి ఆరు అరలు, ఒక్కో అరకి ఒక్కో రంగు టేపు అంటించి ఉంది. ఒక కుర్రాడు గుడ్డు వేయిస్తూ మాడ్చుకుంటున్నాడు, ఇంకో అమ్మాయి పక్కన నిలబడి నవ్వుతోంది. ప్రతి గది తలుపు మీద ఒకే బొమ్మ: తట్టే చెయ్యి. దాని కింద "తట్టి, ఆగండి" అని రాసి ఉంది. ఆఖరికి పెద్దక్క కూడా తట్టి ఆగాల్సిందేనట.

సూదికి మందులిప్పించాననీ, జ్వరం తగ్గిందనీ, షాపుకి వెళ్ళిందనీ పెద్దక్క చెప్పింది. "నిద్ర లేక చేతులు వణికి ఇప్పటికి రెండుసార్లు అద్దాలు పగలగొట్టింది. ఇంకోసారైతే తీసేస్తామన్నారు. ఆ పని పోతే, చేతిలో పని లేని పిల్లని నిలబెట్టడం మరీ కష్టం."

"నేను ఇంటికి తీసుకెళ్తాను. మూటలు తీయించేస్తాను. ఇవాళే," అన్నాను.

"నేనూ ఆ మాటే అడిగానమ్మా. రానంది. వదిన మంచిదేనంది. కానీ ఎవరికి అవసరమొస్తే వాళ్ళు మంచం విప్పేసే ఇంట్లో ఇక ఉండలేనంది. తను తాళం వేసుకుంటే ఇంకెవరూ తీయలేని తలుపు ఒకటి కావాలట."

నేను తల దించుకున్నాను. పెద్దక్కే మళ్ళీ చెప్పింది. "సోమవారం ఒక గది ఖాళీ అవుతోంది. ఒక అబ్బాయికి పని కుదురుకుంది, సొంతంగా గది తీసుకున్నాడు. వరసలో ఇంకో ముగ్గురున్నారు. మీరు రాసిన మొదటి ఉత్తరం ఫైల్లో ఉండగా ఈ పిల్ల పేరు ఎత్తలేను. అది తప్పని రాసి, నిజం రాసి, శుక్రవారంలోపు ఇస్తే కమిటీ ముందు పెడతాను. ఇంటివాళ్ళిద్దరి సంతకాలూ ఉండాలి. మీదీ, వాళ్ళన్నయ్యదీ."

"ఆయనకి ఇదంతా తెలియదండీ."

"అయితే తెలియాలి కదమ్మా," అంది, మెత్తగానే.

ఈసారి గీతల కాగితం పెట్టుకోలేదు. మొదటి ఉత్తరం పావుగంటలో అయిపోయింది, దీనికి రెండు పూటలు పట్టింది. ప్రతి వాక్యంలోనూ నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకోబోయేదాన్ని. కొట్టేసేదాన్ని. "పనిభారం వల్ల" అని రాసి కొట్టేశాను. "కోపంలో" అని రాసి కొట్టేశాను. చివరికి మిగిలింది ఇంతే.

"మొదటి ఉత్తరంలో నేను రాసింది అబద్ధం. నా ఆడపడుచును నేనే పొమ్మన్నాను. ఆమె తప్పు చేయలేదు, తప్పు చీటీ నేను రాశాను, ఆ సంగతి అదే రోజు తెలిసి కూడా పిలవలేదు. ఆమె గదిని నా పనికి వాడుకుంటున్నాను. ఆమె వస్తే పడుకోవడానికి చోటు లేదు. వచ్చినరోజు కూడా ఉండమని గట్టిగా అనలేదు. ఆమె స్నేహితురాలి దగ్గర ఉందని వాళ్ళన్నయ్యకు అబద్ధం చెప్పాను. ఆయనకు ఏమీ తెలియదు. ఆమెకు గది ఇవ్వండి."

గురువారం మా ఆయనకి సెలవు. పొద్దున పనివాళ్ళు రాకముందే కాగితం ఆయన ముందు పెట్టాను. "ఇది చదివి సంతకం పెట్టండి. చదివాక నన్నేమన్నా పడతాను," అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "ఆసుపత్రి హాల్లోనా?" అన్నాడు. నేను తల ఊపాను. ఆయన ముఖం పాలిపోయింది. అరుస్తాడేమోనని చూశాను. కొట్టినా బాగుండుననుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, నా పేరు పక్కన సంతకం పెట్టాడు.

"అంతా నీ ఒక్కదాని మీదే రాసుకున్నావే," అన్నాడు.

ఎంత మంచి మనిషి, ఇంత జరిగినా నన్నే ఓదారుస్తున్నాడని ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఉత్తరం చదివి కమిటీ ఒప్పుకుంది. సోమవారం సూదికి గది వచ్చింది. మేడ మీద, మూల గది. మంచం, బల్ల, కుర్చీ, ఒక కిటికీ. తాళం దాని చేతిలో పెట్టేటప్పుడు నేను లేను, ఉండటానికి ముఖం చెల్లలేదు. పెద్దక్క తరువాత చెప్పింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, పన్నెండు గంటలు ఏకబిగిన నిద్రపోయిందట. ఎవరూ తట్టలేదట. తరువాత పెద్దక్క దాన్ని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళి యజమానితో మాట్లాడింది. వారానికోసారి కూర్చోబెట్టి, ఒంట్లో ఎలా ఉంది, పని ఎలా ఉంది, ముందు ఏం చేద్దామనుకుంటున్నావని అడిగేది. వంట చేసుకోవడం, గది చూసుకోవడం నేర్పింది. రెండేళ్ళ దాకా ఉండొచ్చట. ఈలోగా కళ్ళద్దాలు అరగదీసే పని పూర్తిగా నేర్చుకుని సొంత కాళ్ళ మీద నిలబడాలి.

మా ఆయన ప్రతి గురువారం వెళ్ళేవాడు. నేను మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. వానలు వెనకబట్టాక, అద్దె మిషన్లు వాపసు ఇచ్చేసి, ఒక ఆదివారం వెళ్ళాను. తలుపు తట్టి ఆగాను.

"ఎవరు?"

"నేనే. వదినని."

కాస్త ఆలస్యమైంది కానీ తీసింది. బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. "రా వదినా, కూర్చో," అని కుర్చీ చూపించి తను మంచం మీద కూర్చుంది. కిటికీకి తనే కుట్టుకున్న తెర ఉంది.

"చేత్తో కుట్టావా? అంచు వంకర పోయింది," అన్నాను. నా నోరు అంతే, ఎక్కడికెళ్ళినా మారదు.

"కత్తెర వచ్చిందిరా బాబూ," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. "నన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదే సూదీ," అన్నాను.

అది గోరుతో దుప్పటి అంచు గీస్తూ కూర్చుంది. "రెండో ఉత్తరం కూడా చదివి వినిపించారు వదినా. అందులో ఒకటి తప్పు రాశావు."

"ఏమిటి?"

"అన్నయ్యకి ఏమీ తెలియదని రాశావు. నేను వెళ్ళిన మూడో రోజే ఫోన్ చేశాను. డిపోలో ఉన్నాడు. వదిన పొమ్మంది, వచ్చి తీసుకెళ్ళు అన్నయ్యా అన్నాను. 'సీజన్ అయ్యేదాకా ఎలాగోలా సర్దుకో తల్లీ, మీ వదిన ఇప్పుడు ఒంటికాలి మీద లేస్తోంది, నేను కదిలించలేను' అన్నాడు. ఇంక మళ్ళీ చేయలేదు."

కింద వంటింట్లో ఎవరో గిన్నె కింద పడేశారు.

"నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నీకు కాస్త తేలికవుతుంది. అప్పట్లో నీకు తేలిక కావడం నాకు ఇష్టం లేదు వదినా."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నాకు నిద్ర పడుతోంది." దుప్పటి సర్దింది. "ప్రతి గురువారం వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. కుళాయిలో నీళ్ళొస్తున్నాయా, బల్బు వెలుగుతోందా అని అడిగి వెళ్ళిపోతాడు. ఎప్పుడో ఒకప్పుడు తనే చెప్తాడని చూస్తున్నాను. నువ్వు అడగకు."

అడగనన్నాను.

అది చెప్పినట్టే తేలికైన మాట నిజం. నేనొక్కదాన్నే కాదు అనుకున్నాను. ఆ తేలిక బస్సు ఎక్కేదాకా కూడా నిలవలేదు. ఆ పిల్ల మూడో రోజున తన తోడబుట్టినవాణ్ణి కూడా అడిగింది. లేదనిపించుకుని, ఆ తరువాత నెల రోజులు ఆ కుర్చీల్లో కూర్చుంది. ఆయన ఎందుకు లేదన్నాడో ఆలోచించబోయి ఆపేశాను. ఆలోచించడానికి ఏముంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వరండాలో బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. "సూది ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది. తెర కుట్టుకుంది."

"ఏమైనా అందా?"

ఆ అడగడంలోనే తెలిసిపోయింది. చేతిలో బ్రష్ ఆగిపోయింది, కళ్ళు మాత్రం బూటు మీదే ఉన్నాయి. ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఈ గురువారం కాసేపు ఎక్కువ కూర్చోండి అక్కడ," అన్నాను. "కుళాయి సంగతి అడక్కండి."

ఆయన బ్రష్ కింద పెట్టాడు. చేతికంటిన నల్లరంగు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడుచుకున్నాడు. వీధి వైపు చూస్తూ, నాకు వినపడీ వినపడనట్టు అన్నాడు.

"ఆ రోజు నాకు భయమేసిందే."

ఎవరిని చూసి అని నేను అడగలేదు.